అన్న నాలుక మీద వెలుగు

ఇబ్రహీంపట్నంలో మా అన్నకు మైకు ఆటో ఉండేది. పైన రెండు హారన్లు, లోపల బ్యాటరీ, యాంప్లిఫయరు, కుడిచేతిలో హ్యాండిల్, ఎడమచేతిలో మైకు. కొంగరకలాన్ దగ్గర కొత్తగా ప్లాట్లు వేసినా, ప్రైవేటు బడిలో అడ్మిషన్లు మొదలైనా, యాచారంలో భూముల మీద మీటింగు పెట్టినా, ఎవరి బర్రె తప్పిపోయినా ఆ కబురు ఆయన నోటి నుంచే చుట్టుపక్కల ఊళ్లకు చేరేది. చాలామంది మైకు ఆటోవాళ్లు ముందే రికార్డు చేసిన గొంతు పెట్టుకొని తిరుగుతారు. అన్నకు అది నచ్చేది కాదు. “రికార్డుకు ఎదురుంగ ఎవలున్నరో ఎర్కైతదా?” అనేవాడు. బడి ముందు నుంచి పోతుంటే గొంతు తగ్గించేవాడు. చావు జరిగిన వాకిలి ముందు మైకు కట్టేసేవాడు. దారికి అడ్డంగా ఏ ముసలామె నడుస్తున్నా ప్రకటన మధ్యలో ఆపి, “పెద్దమ్మా, జర పక్కకు” అనేవాడు. అది కూడా మైకులోనే ఊరంతా వినబడేది.

ఆయన ఎడమ దవడలో ఎప్పుడూ చిటికెడు జర్దా ఉండేది. దానివల్ల గొంతు ఎండిపోదని ఆయన నమ్మకం. మానమని నేను పోట్లాడితే నవ్వి, నాలుకతో దాన్ని ఇంకాస్త లోపలికి నెట్టుకునేవాడు.

నేను ఆయనకన్నా పదకొండేళ్లు చిన్నదాన్ని. అమ్మా బాపూ తొందరగా పోవడంతో అన్నావదినల దగ్గరే పెరిగాను. వాళ్లకు పిల్లలు లేరు. ఫిజిక్సులో డిగ్రీ చేసి, నగరంలో ఒక పరిశోధనా సంస్థలో టెక్నీషియనుగా చేరాను. నోటి క్యాన్సరును మొదట్లోనే పట్టుకోవడానికి ఒక లేజరు యంత్రాన్ని అక్కడ పరీక్షిస్తున్నారు. ఆ యంత్రాన్ని నడపడం నా ఉద్యోగం.

అది పనిచేసే తీరు చెప్పడానికి తేలికే. మనిషిని చీకటి గదిలో కూర్చోబెట్టి, సన్నని తీగ చివర నుంచి ఊదారంగు లేజరు వెలుగును నోట్లోకి వేస్తాం. ఆ వెలుగు తగలగానే ఆరోగ్యంగా ఉన్న లోపలి చర్మం లేత పచ్చగా మెరుస్తుంది. మామూలు కంటికి ఆ మెరుపు ఆనదు. ఊదా వెలుగును ఆపే అద్దం తొడిగిన కెమెరాతో చూస్తే తెర మీద తేటగా కనబడుతుంది. కణాలు చెడిపోవడం మొదలైన చోట మెరుపు తగ్గిపోయి నల్లగా మచ్చ పడుతుంది. పైకి ఏమీ లేనట్టున్న చోట కూడా ఒక్కోసారి ఆ మచ్చ దొరుకుతుంది.

అయితే నోట్లో మెరిసేవి ఇంకా ఉన్నాయి. పంటి పాచి ఎర్రగా మెరుస్తుంది. కొన్ని మందులు మెరుస్తాయి. పసుపైతే అన్నింటినీ మించి మెరుస్తుంది. అందుకే కుర్చీలో కూర్చోబెట్టే ముందు ప్రతి మనిషినీ అడగాలి. ఏం తిన్నారు, నోట్లో ఏమన్నా పూసుకున్నారా అని. తర్వాత మూడుసార్లు పుక్కిలించమనాలి, తడి దూదితో నాలుక తుడవాలి. ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద ఉండేవి. ఆ కాగితం తయారు చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మొదటి క్యాంపు ఎక్కడ పెడదామని మా డాక్టరమ్మ అడిగినప్పుడు మా ఊరి పేరు నేనే చెప్పాను. బస్టాండు దగ్గర్లో ఒక ఫంక్షన్ హాలు దొరికింది. అందులో పెళ్లికూతుర్ని తయారు చేసే గదికి కిటికీలు లేవు. చీకటికి అదే మంచిదని, లేజరు వెనక్కి తగలకుండా అద్దాలన్నిటి మీదా దుప్పట్లు కప్పి, యంత్రాన్ని అక్కడ పెట్టాం. మూడు రోజుల ముందు నుంచి అన్న తిరిగాడు. ఇటు యాచారం దాకా, అటు ఆదిభట్ల దాకా. “తంబాకు తినే అన్నలారా, జర్దా తినే అక్కలారా, నోట్ల తెల్లమచ్చ ఉన్నా ఎర్రమచ్చ ఉన్నా దాచుకోకుండ్రి. సూది లేదు, కోసుడు లేదు, ఉత్త లైటే” అని.

పొద్దున తొమ్మిదికల్లా జనం వచ్చారు కానీ గదిలోకి రావడానికి జంకారు. యంత్రాన్ని దూరం నుంచి చూసి ఒక ముసలాయన, “గా మిషన్ కరెంటుదా బిడ్డా?” అన్నాడు. పక్కనున్నామె, “ఎక్స్‌రే అయితే నాకొద్దు” అని లేచి చెప్పులు వేసుకోబోయింది. అప్పుడు అన్న ఆటో ఆపి లోపలికి వచ్చాడు.

“గింతదానికి భయపడితే ఎట్ల? నన్ను చూడు చెల్లె. మొదలు నా నోరే చూడు. గీళ్లందరికి టీవీల కనబడేటట్లు పెట్టు.”

డాక్టరమ్మ ఇంకా దారిలోనే ఉంది. హాల్లో ఉన్న టీవీకి తీగ కలిపి, అన్నకు నల్లద్దాలు పెట్టి కూర్చోబెట్టాను. జనానికి చూపించడానికే కదా అని కాగితం తీయలేదు. నోరు కడుక్కోమనలేదు. నాలుక చాపమని వెలుగు వేశాను. తెర మీద నోరంతా పచ్చగా వచ్చింది. ఎడమ పక్కన, నాలుక అంచున ఒకచోట మిగతా వాటికన్నా ఎక్కువగా, కొంచెం పసుపుపచ్చగా మెరిసింది. నేను అది చూశాను. పొద్దున తిన్నదేదో అంటుకొని ఉంటుందనుకున్నాను. తుడిచి మళ్లీ చూడాలని కూడా అనిపించింది. ఈలోగా హాల్లో చప్పట్లు మోగాయి. అన్న అద్దాలు తీసేసి లేచాడు.

బయటికి పోయి మైకు అందుకున్నాడు. “నా నోరు మీరే చూసిండ్రు. ఇరవై ఏండ్ల సంది జర్దా తింటున్న. నాకే భయం లేకపాయె, మీకెందుకు? రాండ్రి!”

వచ్చారు. రెండు రోజులూ కుర్చీలు చాలలేదు. యాచారం వైపు నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఒకామెకు కింది పెదవి లోపల నల్లమచ్చ కనబడింది. నెల తిరక్కుండా చిన్న ఆపరేషన్ జరిగింది. ఇప్పటికీ బస్టాండులో కనబడితే నా చెయ్యి పట్టుకొని, “మీ అన్న పిలవకుంటే నేనొచ్చేదాన్ని గాదు” అంటుంది.

ఏడు నెలల తర్వాత ఒక ఆదివారం ఇంటికి వెళ్లాను. అన్న మాటలో తేడా వినబడింది. ‘ర’ పలికే దగ్గర నాలుక తిరగడం లేదు. అన్నం ఒకే పక్కన నములుతున్నాడు. ఏమైందంటే, “పన్ను అంచు గీరుకపోతున్నది” అన్నాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాక వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

“పన్ను గాదు, పుండు. మస్తు దినాల సంది ఉన్నది. రోజు పొద్దుగాల పసుపు, నెయ్యి కలిపి పెడ్తున్న. జర తగ్గుతది, మల్ల లేస్తది.”

“ఎప్పటి సంది వదినా?”

“మీ క్యాంపుకు ముందుగాలనే షురువైంది. ఆ దినం మైకుల మస్తు ఒర్రేది ఉంటదని జర ఎక్కువనే పెట్టి పంపిన. మీ మిషన్ల మంచిగనే కనబడ్డదంట గదా, అందుకే మేం ఫికర్ చెయ్యలే.”

క్యాంపు రోజు తెర మీద పసుపుపచ్చగా మెరిసిన చోటు గుర్తొచ్చింది. ఒకసారి డాక్టరమ్మకు చూపిద్దాం అని మాత్రం అన్నాను.

మర్నాడు అన్నను నాతో తీసుకుపోయాను. ఈసారి కాగితం తీశాను, ప్రశ్నలన్నీ అడిగాను, మూడుసార్లు పుక్కిలించమన్నాను. వెలుగు వేయగానే ఎడమ అంచున నల్లగా కనబడింది. చింతగింజకు రెండింతలుంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సరే.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక డాక్టరమ్మ గదికి పోయి, క్యాంపు రోజు తీసిన బొమ్మ తెరిచి చూపించాను. యంత్రం తీసిన ప్రతి బొమ్మనూ దాచుకుంటుంది. అదే నాలుక, అదే అంచు. నల్లమచ్చ ఉండాల్సిన చోట పసుపు వెలుగుతోంది. ఆమె బొమ్మను పెద్దది చేసి చూసింది.

“కడిగించలేదా?”

“లేదు మేడమ్.”

“ఏం పెట్టుకున్నాడో అడగలేదా?”

“అడగలేదు.”

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. “ఇది క్యాంపు రిపోర్టులో రాయాలి. చూపించడానికైనా సరే, కడిగించకుండా ఎవరికీ వెలుగు వేయకూడదని రాయాలి” అంది. నా చేతనే రాయించింది. రాసి సంతకం చేశాను.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం దవాఖానలో వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. వదిన బట్టలు తేవడానికి ఇంటికి పోయింది. సగం నాలుక తీసేస్తారని, మాట ఎంత మిగులుతుందో చెప్పలేమని డాక్టర్లు అప్పటికే చెప్పారు. అన్న పొద్దుటి నుంచీ ఫోన్లో అందరితో మాట్లాడుతూనే ఉన్నాడు. ఏనాడో విడిపోయిన దోస్తులకు కూడా చేశాడు. ఫోన్ పక్కన పెట్టాక చెప్పాను.

“అన్నా, క్యాంపు నాడే నీకు మచ్చ ఉండె. నోట్ల ఉన్న పసుపు మెరిసి దాన్ని కప్పేసింది. అందరిని అడుగుతా, అందరితోని నోరు కడిగిపిస్తా. నిన్ను అడగలే. అప్పుడే దొరికితే చిన్నగ కోసి పంపుతుండిరి.”

ఎదురుగా స్ట్రెచరు మీద ఎవరినో తోసుకుపోతున్నారు. అది మలుపు తిరిగే దాకా చూశాడు.

“మెరిసింది పసుపా?”

“అవ్.”

“మీ వదినకు చెప్పినవా?”

“లే.”

“చెప్పకు. రోజు తెల్లారంగనే గిన్నెల కలుపుకొని వచ్చి పెట్టేది. తెలిస్తే బతికినన్ని దినాలు కడుపుల పెట్టుకొని కుములుతది. తప్పు నువ్వు చేసినవ్, నువ్వే పట్టుకో. దానికియ్యకు.”

“నా మీద కోపమొచ్చిందా అన్నా?”

“రాదా మరి? రేపటి సంది నాకు మాటుండది. జరసేపు ఊకో.”

ఊరుకున్నాను. చివరికి మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, “పా, చాయ్ తాగుదాం” అన్నాడు. వేడి తగిలితే నొప్పి అని చల్లారేదాకా కప్పు చేతిలోనే పట్టుకొని, నాకు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఆటో ఇన్సూరెన్సు ఎప్పుడు అయిపోతుందో, వదినకు బీపీ గోళీలు ఎక్కడ దొరుకుతాయో, బాపు ఫోటోకు పగిలిన అద్దం మార్చాలని.

ఎంతవరకు కోయాలో అంచు తెలుసుకోవడానికి ఆపరేషన్ గదిలో కూడా మా వెలుగే వాడారు. యంత్రం దగ్గర నేను ఉండాల్సింది. ఉండలేనని చెప్పి, నాతో పనిచేసే అతన్ని పంపాను. వదిన పక్కన బయట కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, “నువ్వుండబట్టి ధైర్యముంది” అని రెండు మూడుసార్లు అంది.

ముంజేతి నుంచి కండ తీసి నాలుకకు అతికారు. కొన్ని వారాలు ముక్కులోంచి గొట్టంతోనే తిండి. వదిన జావ కాచి, వడగట్టి, గోరువెచ్చగా చేసి గొట్టంలో పోసేది. గొట్టం తీశాక చెంచాతో మింగడం నేర్పింది. తర్వాత రేడియేషన్. మాట వచ్చింది కానీ దానిలో అచ్చులే మిగిలాయి. నన్ను ‘చెల్లె’ అని పిలిస్తే ‘ఎయ్యె’ అని వినబడేది. వదినకు మాత్రం అన్నీ అర్థమయ్యేవి. ఆయన ఏదో అనడం, ఆమె వెంటనే “అవ్, పోయిన వారమే కట్టిన” అనడం విని నేను ఆశ్చర్యపోయేదాన్ని.

హారన్లు, మైకు విప్పేసి ఇంకొక మైకు ఆటో అతనికి ఇచ్చేశాడు. యాచారం, ఇబ్రహీంపట్నం మధ్య సవారీలు ఎక్కించుకొని తిరిగాడు. తెలిసినవాళ్లు ఎక్కి ముచ్చట పెట్టబోతే గొంతు చూపించి తల ఊపేవాడు. కొన్నాళ్లకు వాళ్లు కూడా ఊరుకున్నారు. ఒకసారి నేను వెనక సీట్లో కూర్చొని వెళ్లాను. దారికి అడ్డంగా ఒకామె నడుస్తోంది. అన్న నోరు తెరిచాడు, మళ్లీ మూసుకొని ఆటో హారన్ కొట్టాడు. ఆమె ఉలిక్కిపడి పక్కకు దూకి, వెనక్కి తిరిగి తిట్టింది. అన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

వానాకాలం మొదలయ్యేటప్పటికి మెడలో గడ్డ తేలింది. మా వెలుగు చర్మం కింద రెండు మూడు వెంట్రుకల మందం కూడా దాటి పోలేదు. లోపలి గడ్డకు అది పనికిరాదు. ఉన్న మందులు ఇచ్చారు. ఒక పొద్దున వదిన ఫోన్ చేసి, “వస్తవా?” అంది. అంతే. నేను బస్సు దిగి ఇంటికి చేరేటప్పటికి వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. ఊళ్లో మైకు ఆటోలు తిప్పేవాళ్లు ముగ్గురు వచ్చి, ఏం చెప్పాలో రాసిమ్మని నన్ను అడిగారు. కాగితం మీద ఒక్క వాక్యం రాయడానికి నాకు అరగంట పట్టింది.

ఏడాది గడిచాక వదిన ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతోందని క్యాంపులకు రమ్మన్నాను. నీళ్లందించే పని. ఆమె సంతోషంగానే వచ్చింది. ముసలివాళ్లకు చెంబుతో నీళ్లు పోసి, మెడ కింద తువ్వాలు పట్టేది. అక్కడ ఎవరినైనా ముందు కాగితం మీది ప్రశ్నలన్నీ అడుగుతామని ఆమెకు తెలుసు. ఎందుకో తెలియదు. ఆమె వచ్చిన మొదటి రెండు క్యాంపుల్లో ఆమె బయట ఉంటే నేను లోపల ఉన్నాను. మూడోది యాచారంలో, బడిలో. గదులు చిన్నవి కావడంతో నీళ్ల డ్రమ్ము నా బల్ల పక్కనే పెట్టారు.

పొలం పని చేసే ఒకామె వచ్చి కూర్చుంది. “నోట్ల ఏమన్న పెట్టుకున్నవా అక్కా, పసుపు గిట్ల?” అని అడిగాను.

“పొద్దుగాల పెట్టుకున్న. మంటకు.”

“అయితే మూడుసార్లు మంచిగ పుక్కిలించు. పసుపుంటే మెరుస్తది, కింద పుండు కనబడది.”

రోజూ అనే మాటే. నోటికి వచ్చేసింది. అన్నాక పక్కకు చూశాను. వదిన చెంబు పట్టుకొని నిలబడింది. నా ముఖంలోకి చూసి, కుర్చీలో ఉన్నామె వైపు తిరిగి నీళ్లు పోసింది. సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ పోస్తూనే ఉంది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. బస్సు కదిలాక అడిగింది.

“ఆయన నోట్ల గూడ గట్లనే మెరిసిందా?”

“అవ్ వదినా.”

“నీకెప్పుడు తెల్సింది?”

“నువ్వు పసుపు సంగతి చెప్పిన దినమే.”

“ఆయనకు?”

“ఆపరేషన్‌కు ముందు దినం చెప్పిన. నీకు చెప్పొద్దన్నడు.”

ఆమె కొంగుతో నోరు మూసుకుంది. ఏడుపు చప్పుడు కాకుండా భుజాలు కదిలాయి. ముందు సీటులో ఉన్నాయన వెనక్కి చూసి మళ్లీ తిరిగాడు.

“అన్ని దినాలు నా చేతితోని జావ పోయిచ్చుకున్నడు” అంది. “ఒక్కసారన్న కండ్లల్ల కనబడనియ్యలే.”

“తప్పు నాది వదినా. అడగాల్సింది నేను.”

“అవ్, నీదే” అంది. ఇబ్రహీంపట్నంలో దిగేటప్పుడు, “నన్నొక్క మాట అడిగినా అయిపోతుండె. ఇంట్లనే ఉంటిని గదా” అంది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. ఆదివారాలు పోతే అన్నం పెట్టి పక్కింటికి వెళ్లిపోయేది. నేను తిని, గిన్నెలు కడిగి, తలుపు దగ్గరగా వేసి వచ్చేదాన్ని. పోవడం మానలేదు.

మొన్న చలికాలంలో తనే ఫోన్ చేసింది. పింఛను కాగితాల్లో ఏదో తప్పు పడిందని, కొంగరకలాన్ కలెక్టరాఫీసుకు రమ్మన్నారని, తోడు రమ్మని. వెళ్లాం. పొడుగాటి వరండాలో చాలాసేపు కూర్చున్నాం. మా వంతు వచ్చాక బల్ల వెనక ఉన్నాయన మరణ పత్రం చూసి, అన్న వయసు చూసి, “చిన్న వయసేనమ్మా. ఏమైంది?” అన్నాడు.

“నాలుక క్యాన్సర్.”

“ముందుగాల ఎక్కడా చూయించలేదా?”

నేను బల్ల మీదున్న కాగితాల వైపు చూస్తూ నిలబడ్డాను.

“చూయించినం సారూ” అంది వదిన.

ఆయన తల ఊపి, ముద్ర వేసి, కాగితం ఇచ్చాడు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకొని వదిన బయటికి నడిచింది. ఆకలి వేస్తోందా అని అడిగింది. వేస్తోందన్నాను. గేటు బయట బండి మీద ఇడ్లీలు తిన్నాం. వదిన నా ప్లేటులో ఇంకో గరిటెడు చట్నీ వేయించి, బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి రోడ్డు దాటింది.